మెరైన్ ట్యాంక్‌కి కుళాయి నీళ్లా, ఆర్వో నీళ్లా? పరీక్ష చేయడం నుంచి రోజువారీ టాప్-అప్ దాకా

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు, పెట్టాలనుకుంటున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం నీళ్ల గురించే. "ఇంట్లో తాగే నీళ్ల ఆర్వో ఉంది కదా, అది చాలదా?", "గోల్డ్ ఫిష్‌కి ఏళ్ల తరబడి నల్లా నీళ్లే పోస్తున్నా, దీనికెందుకు పనికిరావు?", "ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుంటే సరిపోతుందా?" ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

నేనుండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్‌లో. అందుకని ఉదాహరణలు ఇక్కడివే ఎక్కువ వస్తాయి. విజయవాడలో ఉన్నా, విశాఖలో ఉన్నా చేయాల్సిన పని మాత్రం ఒకటే.

ఒక మాట ముందే. ఇక్కడ "సంప్" అన్నప్పుడు రెండు గుర్తొస్తాయి. బిల్డింగ్ కింద ఉండేదాన్ని బిల్డింగ్ సంప్ అని, అక్వేరియం కింద పెట్టుకునే ఫిల్టర్ తొట్టిని ట్యాంక్ సంప్ అని రాస్తాను.

## 1. నీళ్లు ఎంచుకునే ముందు ఈ లెక్క చూడండి

ట్యాంక్‌లోంచి ఆవిరై పోయేది నీరు ఒక్కటే. ఉప్పు పోదు, నైట్రేట్ పోదు, ఫాస్ఫేట్ పోదు, రాగి పోదు. తగ్గిన నీటికి బదులు రోజూ పోయడాన్నే టాప్-అప్ అంటాం. అలా మీరు పోసే నీళ్లలో ఏముంటే అదంతా లోపలే ఉండిపోతుంది, మర్నాడు దాని మీద ఇంకాస్త చేరుతుంది.

200 లీటర్ల ట్యాంక్ అనుకుందాం. ఎండాకాలం, నీళ్లు వేడెక్కకుండా పైన చిన్న ఫ్యాన్ తిరుగుతోంది, రోజుకి 3 లీటర్లు ఆవిరవుతున్నాయి. మీ కుళాయి నీళ్లలో నైట్రేట్ లీటరుకి 30 మిల్లీగ్రాములు ఉందనుకోండి. రోజుకి 90 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. నెలకి 2,700. దాన్ని 200తో భాగిస్తే లీటరుకి 13.5 మిల్లీగ్రాములు. అంటే చేపలు తిన్నదీ విసర్జించినదీ లెక్కలోకి రాకముందే, ఒక్క టాప్-అప్ వల్లే నెలకి అంత పెరుగుతుందన్నమాట.

పైగా ఆ 30 అనేది తాగడానికి మంచి నీళ్లే. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. మనిషికి సరిపోయిన నీళ్లు రీఫ్ ట్యాంక్‌కి (కోరల్స్, అంటే పగడాలు పెంచే ట్యాంక్‌కి) సరిపోవాలని ఏమీ లేదు.

రాగి సంగతి ఇంకా ఘోరం. అదే ప్రమాణంలో రాగి 0.05 దాకా ఉంటే మంచిదని, వేరే నీటి వనరు లేకపోతే 1.5 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదని ఉంది. సముద్రపు చేపలకి పరాన్నజీవుల జబ్బు వస్తే కాపర్ సల్ఫేట్ మందుని లీటరుకి 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాముల రాగి ఉండేలా వేస్తారు. ఆ డోసుకే క్లీనర్ ష్రింప్‌లు, నత్తలు, కోరల్స్ చచ్చిపోతాయి. అందుకే ఆ మందు వేరే ట్యాంక్‌లో వేస్తారు. మనం తాగి ఏమీ కాని నీళ్లు రొయ్యని చంపగలవు.

కాబట్టి మొదటిసారి ట్యాంక్ నింపడం గురించి పడే టెన్షన్‌లో సగమైనా రోజువారీ టాప్-అప్ మీద పెట్టండి. మొదటిసారి ఆర్వో నీళ్లతో శ్రద్ధగా నింపి, ఆ తర్వాత "రెండు లీటర్లే కదా" అని రోజూ కుళాయి నీళ్లు పోసేవాళ్లని చాలామందిని చూశాను. ఏడాది తిరిగేసరికి ఆ రెండేసి లీటర్లే ఏడు వందల లీటర్లు దాటతాయి.

## 2. మీ కుళాయిలోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి?

ఇది చాలామంది వదిలేసే మెట్టు. "మాది మున్సిపల్ వాటర్" అంటారు, తీరా చూస్తే బిల్డింగ్ సంప్‌లో మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు, మార్చి నుంచి ట్యాంకర్ నీళ్లు, మూడూ కలుస్తుంటాయి. వాచ్‌మన్‌ని అడిగితే మీకు కావలసిన సమాచారమంతా ఒక్క నిమిషంలో దొరుకుతుంది.

అడగాల్సినవి:

- మున్సిపల్ నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా? అవి నేరుగా సంప్‌లోకి పోతాయా?
- బోరు కలుపుతారా? ఏ నెలల్లో?
- ట్యాంకర్ ఎప్పుడు తెప్పిస్తారు?
- సంప్, ఓవర్‌హెడ్ ట్యాంక్ ఎప్పుడెప్పుడు కడుగుతారు? బ్లీచింగ్ పౌడర్ వేస్తారా?
- బిల్డింగ్‌కి సాఫ్టనర్ ప్లాంట్ ఉందా?

చివరి రెండూ చాలా ముఖ్యం. బ్లీచింగ్ పౌడర్ వల్ల నేనే దెబ్బతిన్నాను. సంప్ కడిగిన మర్నాడు పొద్దున, ఆఫీసుకి టైమైపోతోందని, నిల్వ నీళ్లు అయిపోయాయని, బకెట్‌తో నాలుగు లీటర్లు కుళాయి నీళ్లు పట్టి ట్యాంక్ సంప్‌లో పోసేసి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి క్లీనర్ ష్రింప్ రాతి కింద పక్కకి ఒరిగి ఉంది, మీసాలు మాత్రం నీటి ప్రవాహానికి కదులుతున్నాయి. చేపలు బతికాయిగానీ పైకొచ్చి గబగబా ఊపిరి తీస్తున్నాయి. ఆ బకెట్ వాసన చూసి ఉంటే చాలు, క్లోరిన్ గుప్పుమనేది.

సాఫ్టనర్ గురించి ఇంకో అపోహ ఉంది. సాఫ్టనర్ నీళ్లు అంటే శుద్ధమైన నీళ్లు కాదు. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం పెడుతుంది. బకెట్‌కి తెల్ల మరకలు తగ్గుతాయి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మాత్రం తగ్గదు, నైట్రేట్ కూడా అలాగే ఉంటుంది.

## 3. పరీక్షలు, ఈ వరుసలోనే

మొదట టీడీఎస్ మీటర్ కొనండి. పెన్నులా ఉంటుంది, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చెబుతుంది, అవి ఏమిటో చెప్పదు. క్లోరిన్ ఉందో లేదో చెప్పదు, బ్యాక్టీరియా చెప్పదు. అయినా అది లేకుండా ఈ పనికి దిగొద్దు.

చేయాల్సిన పరీక్షలు:

- కుళాయి నీటి టీడీఎస్: వారంలో మూడు వేర్వేరు రోజులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి
- నైట్రేట్ కిట్
- ఫాస్ఫేట్ కిట్
- కాపర్ కిట్
- క్లోరిన్ కిట్. ఫ్రీ క్లోరిన్, టోటల్ క్లోరిన్ రెండూ చూపించేది దొరికితే అదే తీసుకోండి

ఆ ఆఖరిదానికి కారణం ఉంది. ఫ్రీ క్లోరిన్ తక్కువగా, టోటల్ క్లోరిన్ ఎక్కువగా కనబడితే నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి తయారయ్యేది) ఉన్నట్టు. క్లోరిన్ అయితే ఎయిర్ స్టోన్ వేసి ఒకట్రెండు రోజులు వదిలేస్తే పోతుంది. క్లోరమైన్ అలా పోదు. అమెరికాలో ఉండేవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేసుకోండి, అక్కడ చాలా ఊళ్లలో నీళ్లకి క్లోరమైనే వాడతారు.

ఒకే ఒక్క రోజు పరీక్ష చేసి "మా నీళ్లు బాగానే ఉన్నాయి" అనుకోవద్దు. ఆగస్టులో చేసిన పరీక్ష ఏప్రిల్ ట్యాంకర్ నీళ్లకి పనికిరాదు.

## 4. ఇప్పుడు నిర్ణయం

కోరల్స్, రొయ్యలు, నత్తలు, అనిమోన్, వీటిలో ఏ ఒక్కటి పెట్టాలనుకున్నా ఆర్వో/డీఐ నీళ్లే (డీఐ అంటే ఆర్వో తర్వాత మిగిలిన లవణాలని రెజిన్‌తో తీసేయడం). పరీక్షలో ఏమొచ్చినా సరే, ఇందులో బేరం లేదు.

చేపలు మాత్రమే పెడతామంటే, అంటే రెండు క్లౌన్ ఫిష్‌లో, నాలుగు డామ్సెల్‌లో, కుళాయి నీళ్లతో నెట్టుకురావచ్చు. కానీ నేనైతే ఇవన్నీ కుదిరితేనే ఒప్పుకుంటాను:

- టీడీఎస్ ఏడాది పొడవునా 150 లోపు
- నైట్రేట్ 5 లోపు
- కాపర్ కిట్‌లో అసలు రంగు కనబడకూడదు
- నీటి వనరు ఒక్కటే, బోరు గానీ ట్యాంకర్ గానీ కలవకూడదు
- క్లోరిన్ తీసే పని ప్రతిసారీ చేసే ఓపిక మీకుండాలి

మన ఊళ్లలో ఈ ఐదూ కుదిరే ఇళ్లు తక్కువ. నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకైతే రెండో ఆలోచనే వద్దు.

## 5. "మరి ఇవి వాడొచ్చా?"

ఇంట్లో తాగే ఆర్వో. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మెంబ్రేన్ నీళ్లని బాగానే వడకడుతుంది, ఆ తర్వాత రుచి కోసం మెషీన్ రెండు పనులు చేస్తుంది. టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న వాల్వ్ మెంబ్రేన్‌లోకి వెళ్లని నీళ్లు కొన్నిటిని మళ్లీ కలుపుతుంది. మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటే అది ఖనిజాలు వేస్తుంది. గ్లాసులో పట్టి మీటర్ పెడితే 60, 80, ఒక్కోసారి 120 చూపిస్తుంది. ఆ నీళ్లు నేరుగా వాడొద్దు. మెషీన్‌ని ఎలా మార్చుకోవాలో తర్వాతి మెట్టులో చెబుతాను.

యూవీ, యూఎఫ్ అని రాసి ఉన్న ప్యూరిఫయర్లు సూక్ష్మజీవుల పని చూసుకుంటాయి. కరిగిన లవణాలని తీయలేవు.

20 లీటర్ల క్యాన్. ప్లాంట్‌ని బట్టి, బ్యాచ్‌ని బట్టి టీడీఎస్ మారుతుంది. అత్యవసరంలో కుళాయి నీళ్లకంటే నయం. మీటర్ పెట్టకుండా మాత్రం పోయొద్దు.

బ్యాటరీ వాటర్, డిస్టిల్డ్ వాటర్. టీడీఎస్ 0 చూపిస్తే, సీల్ ఉన్న శుభ్రమైన క్యాన్ అయితే చిన్న ట్యాంక్ టాప్-అప్‌కి వాడొచ్చు. విడిగా పోసి అమ్మేవి వద్దు.

ఏసీ నీళ్లు. టీడీఎస్ తక్కువ చూపిస్తుందని చాలామందికి ఆశ. అవి రాగి, అల్యూమినియం కాయిల్ మీదినుంచి, దుమ్ము పట్టిన ట్రేలోంచి వస్తాయి. వద్దు.

గీజర్ నీళ్లు. చలికాలంలో ఉప్పు త్వరగా కరగాలని పడుతుంటారు. గీజర్ లోపల రాగి భాగాలుంటాయి. వద్దు. చల్లటి నీళ్లు పట్టి హీటర్ వేసుకోండి.

సముద్రపు నీళ్లు. విశాఖ, కాకినాడ వాళ్లు తప్పకుండా అడుగుతారు. బీచ్ ఒడ్డున పట్టిన నీళ్లు వద్దు. మురుగు, పోర్టు, పడవల నూనె ఒక సమస్య. వానాకాలంలో గోదావరి, కృష్ణ వరద నీళ్లు కలిసి తీరం దగ్గర ఉప్పదనం పడిపోవడం ఇంకో సమస్య. నీళ్లతోపాటు రాళ్లు, పగడాలు ఏరుకురావడం మాత్రం అసలు చేయొద్దు, పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.

## 6. ఆర్వో/డీఐ ఏర్పాటు

నీళ్లు ఈ వరుసలో పోవాలి: సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ బ్లాక్, ఆర్వో మెంబ్రేన్, చివర డీఐ రెజిన్. వరుస మార్చకూడదు. సెడిమెంట్ మట్టిని ఆపుతుంది. కార్బన్ క్లోరిన్‌ని ఆపుతుంది, అది ఆపకపోతే క్లోరిన్ వెళ్లి మెంబ్రేన్‌ని తినేస్తుంది. మెంబ్రేన్ లవణాల్లో 95 నుంచి 98 శాతం దాకా తీసేస్తుంది. 400 టీడీఎస్ నీళ్లు లోపలికి పోతే 8 నుంచి 20 బయటికొస్తుంది. ఆ మిగిలినదాన్ని రెజిన్ సున్నా చేస్తుంది.

ప్రెజర్ చూసుకోండి. యూనిట్ తెప్పించి, బిగించి, "చుక్కచుక్క కూడా రావట్లేదు" అని ఫోన్ చేసినవాళ్లు నాకు తెలిసి నలుగురైదుగురున్నారు. మెంబ్రేన్ సరిగ్గా పనిచేయాలంటే 50 నుంచి 60 పీఎస్ఐ ప్రెజర్ కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంక్ మీ కుళాయికంటే 10 మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ప్రెజర్ సుమారు 14 పీఎస్ఐ. ఐదంతస్తుల బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నా ఇరవై చిల్లరే. బూస్టర్ పంప్ లేకుండా కుదరదు. ప్రెజర్ తక్కువైతే నీళ్లు తక్కువ రావడమే కాదు, వచ్చిన నీళ్ల టీడీఎస్ కూడా ఎక్కువగా ఉంటుంది.

కిచెన్ ఆర్వోని వాడుకోవడం. ఇంట్లో మెషీన్‌లో పంప్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇది చవకైన దారి. టెక్నీషియన్‌ని పిలిచి ఈ మాట స్పష్టంగా చెప్పండి: "మెంబ్రేన్ దాటిన తర్వాత, టీడీఎస్ కంట్రోలర్‌కి ముందే, ఒక టీ కనెక్టర్ పెట్టి వేరే పైపు తీయండి." రెండు దారులకీ చెరో వాల్వ్ పెట్టించండి. కొత్త పైపు చివర డీఐ రెజిన్ హౌసింగ్ బిగించండి. మెషీన్ లోపలి ట్యాంక్ నిండితే పంప్ దానంతటదే ఆగిపోతుంది, అందుకని అక్వేరియం నీళ్లు పట్టేముందు రెండు లీటర్లు తాగే నీళ్లు వంపుకుంటే పంప్ ఆడుతూ ఉంటుంది. వారంటీలో ఉన్న మెషీన్ అయితే ముందు కంపెనీవాళ్లని అడిగి చేయించండి.

బిగించాక చూసుకోవాల్సినవి:

- కొత్త మెంబ్రేన్ నుంచి మొదటి గంటసేపు వచ్చిన నీళ్లు పారబోయాలి
- మెంబ్రేన్ తర్వాత టీడీఎస్ ఎంతో రాసుకోవాలి
- డీఐ తర్వాత టీడీఎస్ 0 రావాలి. 1 వచ్చినా కారణం వెతకాలి
- ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా వదిలేయాలి, తడిస్తే లీకున్నట్టే

రోజుకి 75 గ్యాలన్ల మెంబ్రేన్ అంటే సరైన ప్రెజర్‌లో గంటకి 12 లీటర్ల లోపే వస్తాయి. 20 లీటర్ల బకెట్‌కి దాదాపు రెండు గంటలు. దాంతోపాటు మూడింతలు నీళ్లు వృథా పైపులోంచి పోతాయి. వాటిని డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడండి. మొక్కలకి మాత్రం ఆలోచించి పోయండి. 600 టీడీఎస్ బోరు నీళ్లయితే వృథా పైపులోంచి వచ్చేది 800 దాకా ఉంటుంది.

## 7. పట్టడం, నిల్వ చేయడం

యూనిట్ కొన్ని గంటలు ఆగి ఉండి మళ్లీ మొదలెడితే మొదటి కొన్ని నిమిషాలు మెంబ్రేన్ నీళ్ల టీడీఎస్ బాగా ఎక్కువుంటుంది. ఆ నీళ్లని డీఐలోకి పోనివ్వకుండా బయటికి వదిలేయండి. లేకపోతే రెజిన్ రోజూ అనవసరంగా ఖర్చవుతుంది. రోజుకి రెండు లీటర్ల చొప్పున పట్టేకంటే వారానికోసారి నలభై లీటర్లు పట్టి పెట్టుకోవడం అన్ని విధాలా మేలు.

డ్రమ్ము ఆహార పదార్థాలకి వాడే ప్లాస్టిక్‌దే, కొత్తదే కొనండి. కెమికల్స్ వచ్చిన నీలం డ్రమ్ములు ఎంత కడిగినా వద్దు. మూత ఉండాలి, ఎండ తగలకూడదు. ఇంట్లో అందరికీ చెప్పి, డ్రమ్ము మీద మార్కర్‌తో "అక్వేరియం మాత్రమే" అని రాసి పెట్టండి. ఫినాయిల్ బకెట్ కలిస్తే ఇంతా చేసి లాభం లేదు.

శుద్ధమైన నీళ్ల పీహెచ్ కొలిచి కంగారు పడొద్దు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి 6 దాకా చూపించొచ్చు, మీటర్ కూడా అందులో నిలకడగా చదవదు. ఉప్పు కలిపాక అదే సర్దుకుంటుంది, పీహెచ్ మందులేవీ వేయొద్దు.

## 8. ఉప్పు కలపడం

1. డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కబడి కాల్షియం కార్బొనేట్ తెల్లగా గట్టిపడిపోతుంది, అది మళ్లీ కరగదు.
2. పవర్‌హెడ్ (నీళ్లలో ముంచి పెట్టే చిన్న పంప్) పెట్టి తిప్పండి. నీటి వేడి 25, 26 డిగ్రీలు ఉండేలా చూసుకోండి.
3. లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాముల మెరైన్ సాల్ట్, కొద్దికొద్దిగా వేస్తూ. 20 లీటర్లకి 700 గ్రాములతో మొదలెట్టి కొలిచి సర్దండి. వంటింటి ఉప్పు, కళ్లుప్పు, సైంధవ లవణం, ఏవీ పనికిరావు.
4. ప్యాకెట్ మీద ఇంకోలా చెప్పకపోతే రాత్రంతా తిరగనివ్వండి.
5. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. 35 పీపీటీ, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 దగ్గర రావాలి. రిఫ్రాక్టోమీటర్‌ని శుద్ధమైన నీళ్లతో సున్నా చేసి వదిలేయకుండా 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవంతో సరిచూసుకోండి.
6. వేడి, ఉప్పదనం రెండూ ట్యాంక్‌తో సమానమయ్యాకే పోయండి.

జీవాలున్న ట్యాంక్‌లో ఎప్పుడూ పొడి ఉప్పు వేయొద్దు.

శుద్ధి చేసిన నీళ్లలో ఖనిజాలు లేవు కదా అని కొందరికి భయం. కావలసిన కాల్షియం, మెగ్నీషియం, బఫర్ అన్నీ ఆ ఉప్పులోనే ఉంటాయి, అది సున్నా టీడీఎస్ నీళ్లని దృష్టిలో పెట్టుకుని తయారైందే. కుళాయి నీళ్లలో కలిపితేనే లెక్క తప్పుతుంది.

## 9. రోజువారీ టాప్-అప్

టాప్-అప్‌కి ఉప్పు లేని శుద్ధమైన నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం రోజురోజుకీ పెరిగిపోతుంది. కొత్తవాళ్లు మొదటి నెలలో చేసే తప్పు ఇదే.

- ట్యాంక్ సంప్‌లో పంప్ ఉన్న అరలో నీటిమట్టం దగ్గర టేపు అంటించి గీత గీయండి
- రోజూ ఒకే టైముకి ఆ గీత దాకా పోయండి
- రెండు రోజులు ఊరెళ్లి వచ్చి ఆరు లీటర్లూ ఒక్కసారే గుమ్మరించొద్దు, నాలుగైదు గంటలకి విడగొట్టి పోయండి
- ఆటో టాప్-అప్ పెట్టుకుంటే డబ్బాలో ఒక్కరోజుకి రెండింతలకి మించి నీళ్లు పెట్టొద్దు. ఫ్లోట్ ఇరుక్కుంటే మొత్తం నీళ్లు పోసేస్తుంది
- నీళ్లు వచ్చే పైపు చివర నీటిమట్టానికి పైనే ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు ట్యాంక్ నీళ్లు వెనక్కి డబ్బాలోకి వచ్చేస్తాయి

## 10. కుళాయి నీళ్లే వాడక తప్పకపోతే

చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్‌కి, నాలుగో మెట్టులో చెప్పినవన్నీ కుదిరినప్పుడు:

1. కుళాయి రెండు నిమిషాలు వదిలి, ఆ నీళ్లు వేరే పనికి పట్టుకుని, తర్వాత అక్వేరియం నీళ్లు పట్టండి. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు వద్దు.
2. డ్రమ్ములో ఎయిర్ స్టోన్ వేసి 24 నుంచి 48 గంటలు తిప్పండి.
3. యాంటీ క్లోరిన్ లేబుల్ మీద ఉన్న మోతాదులో వేయండి. క్లోరమైన్ ఉంటే మామూలు హైపో (సోడియం థయోసల్ఫేట్) చాలదు, అది క్లోరమైన్‌ని విడగొట్టాక అమ్మోనియా మిగిలిపోతుంది. అమ్మోనియాని కూడా కట్టేసే కండిషనర్ కావాలి.
4. క్లోరిన్ కిట్‌తో సున్నా అని చూశాకే ఉప్పు కలపండి.

కండిషనర్ పడిన కొన్ని గంటలు స్కిమ్మర్ (నురగతో పాటు మలినాలని తీసే పరికరం) నురగ పొంగుతుంది, అది మామూలే. కప్పు ఖాళీ చేసి, స్కిమ్మర్‌ని కాస్త తగ్గించి పెట్టండి.

## 11. ఇప్పటికే కుళాయి నీళ్లతో నడుస్తున్న ట్యాంక్‌ని మార్చడం

అంతా తీసేసి కొత్త నీళ్లు పోయొద్దు. ఈరోజు నుంచే టాప్-అప్ శుద్ధమైన నీళ్లతో మొదలెట్టండి. వారానికి పది శాతం చొప్పున శుద్ధమైన నీళ్లలో కలిపిన ఉప్పునీళ్లు మారుస్తూ పోండి. రెండు మూడు నెలలు పడుతుంది.

మారుస్తున్న రోజుల్లో వారానికోసారి కేహెచ్ (నీళ్లలో కార్బొనేట్, బైకార్బొనేట్ల కొలత) కొలవండి. ఇన్నాళ్లూ గట్టి కుళాయి నీళ్లు టాప్-అప్ పోస్తుంటే వాటిలోని బైకార్బొనేట్లు మీకు తెలియకుండానే కేహెచ్‌ని నిలబెడుతూ వచ్చాయి. ఇప్పుడు ఆ సరఫరా ఆగిపోతుంది. కోరల్స్ ఉంటే కేహెచ్ 9 నుంచి 7కి, 6కి జారొచ్చు. చాలామంది ఈ సమయంలోనే "ఆర్వో నీళ్లు పడలేదు" అని వెనక్కి పోతారు. నీళ్లది తప్పు కాదు, కేహెచ్ డోసు మొదలెట్టాలి, అంతే.

## 12. తరచుగా వచ్చే ఇబ్బందులు, ఏం చేయాలి

ఇసుక మీద గోధుమరంగు పొడి. పొద్దున గాజు తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలితో గీత గీయగలిగేంత పేరుకుంటుంది. ఇవి డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, సిలికేట్ ఉంటే పెరుగుతాయి. కొత్త ట్యాంక్‌లో మొదటి కొన్ని వారాలు ఎవరికైనా వస్తాయి, పోతాయి. ఆర్నెల్లైనా పోకపోతే నీళ్లు చూడండి. మా ట్యాంక్‌లో ఇలాగే ఉంటే లైట్ మార్చాను, ఇసుక కడిగాను, నత్తలు పెంచాను. చివరికి చూస్తే రెజిన్ అయిపోయి మూడు నెలలైంది.

డీఐ తర్వాత టీడీఎస్ 1, 2 చూపిస్తోంది. "ఇంతే కదా" అని వాడొద్దు, రెజిన్ మార్చండి. అయిపోతున్న రెజిన్ ముందుగా వదిలేది సిలికేట్ లాంటి బలహీనంగా పట్టుకున్నవాటినే.

రెజిన్ నెలకే అయిపోతోంది. మెంబ్రేన్ తర్వాత టీడీఎస్ చూడండి. 5 ఉండాల్సింది 20 ఉంటే రెజిన్ నాలుగింతలు వేగంగా ఖర్చవుతుంది. ప్రెజర్ తక్కువైందా, మెంబ్రేన్ పాతబడిందా చూసుకోండి. మెంబ్రేన్ బాగానే ఉండి బోరు నీళ్లయితే కారణం కార్బన్ డయాక్సైడ్ కావచ్చు. అది మెంబ్రేన్‌ని దాటిపోతుంది, టీడీఎస్ మీటర్‌లో పెద్దగా కనబడదు, రెజిన్‌ని మాత్రం తినేస్తుంది. మెంబ్రేన్ నీళ్లని ఒక డ్రమ్ములో పట్టి, ఒకరోజు ఎయిర్ స్టోన్‌తో తిప్పి, తర్వాత చిన్న పంప్‌తో డీఐలోంచి పంపండి.

నీళ్లు మార్చినా నైట్రేట్ తగ్గట్లేదు. మీరు పోసే నీళ్ల నైట్రేట్ కొలవండి. 30 ఉన్న నీళ్లతో ఎన్నిసార్లు మార్చినా ట్యాంక్ 30 కిందికి దిగదు.

సెడిమెంట్ ఫిల్టర్ రెండు వారాలకే ఎర్రగా అయిపోతోంది. ట్యాంకర్ నీళ్ల రోజుల్లో ఇది మామూలే. చవకైన సెడిమెంట్ కార్ట్రిడ్జ్‌లు నాలుగైదు తెచ్చిపెట్టుకుని మారుస్తూ ఉండండి, కార్బన్, మెంబ్రేన్ బతుకుతాయి.

పొరపాటున క్లోరిన్ నీళ్లు పోసేశాం. వెంటనే క్లోరిన్ తీసే కండిషనర్ ట్యాంక్ మొత్తం లీటర్లకి లెక్కేసి వేయండి, ఎయిర్ స్టోన్ పెట్టండి, ట్యాంక్ సంప్‌లో కొత్త కార్బన్ సంచి వేయండి. రెండు రోజుల పాటు అమ్మోనియా కొలవండి, క్లోరిన్ వల్ల ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా దెబ్బతిని ఉండొచ్చు. మేత తగ్గించండి.

వారం వారం చూసుకోవడానికి నేను డ్రమ్ము పక్కన గోడకి అంటించుకున్న చీటీ ఇది:

- కుళాయి టీడీఎస్, మెంబ్రేన్ టీడీఎస్, డీఐ టీడీఎస్, మూడూ తేదీతో
- సెడిమెంట్ రంగు
- రెజిన్ మార్చిన తేదీ
- వాచ్‌మన్‌ని అడిగాను: ఈ వారం సంప్ కడుగుతున్నారా, ట్యాంకర్ వచ్చిందా
- డ్రమ్ములో కనీసం 20 లీటర్లు ఉప్పు లేని నీళ్లు, 20 లీటర్లు ఉప్పునీళ్లు నిల్వ ఉన్నాయా